పాత భవనంలో కొత్త చదువు

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2021 జూన్‌లో కలెక్టరేట్‌కు కొత్త సముదాయం వచ్చింది. కార్యాలయాలు కొత్త చోట్లకు తరలే కొద్దీ ఊరి నడుమ ఉన్న పాత ప్రభుత్వ భవనాల సంగతి ఏమిటన్న ప్రశ్న వస్తుంది. కూలగొట్టి దుకాణాలు కట్టడం చాలామందికి వెంటనే తోచే జవాబు. అంతకన్నా మంచి జవాబు ఉంది. గట్టిగా ఉన్న ఒక భవనాన్ని బాగుచేసి విశ్వవిద్యాలయ ప్రాంతీయ అధ్యయన కేంద్రంగా మార్చవచ్చు.

తెలంగాణ విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది. డిచ్‌పల్లిలో ప్రధాన ప్రాంగణం, మన జిల్లాలోని భిక్కనూరులో దక్షిణ ప్రాంగణం ఉన్నాయి. రోజూ తరగతికి పోగలిగిన వారికి అవి చాలు. ఇంటర్‌తో చదువు ఆపి బీడీలు చుడుతున్న అమ్మాయికి, గల్ఫ్ నుంచి తిరిగివచ్చి సేద్యం చూసుకుంటున్న యువకునికి అవి అందవు. ఇలాంటివారి కోసమే 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. బడి చదువు లేనివారికి కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్న ఘనత దానిది. అయితే దూరవిద్యలో పుస్తకం ఇంటికి వస్తుంది గాని సందేహం తీర్చే మనిషి రాడు. అందుకు మనిషి కూర్చునే చోటు కావాలి.

ఆ చోటు బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. 2023 డిసెంబరు నుంచి ఆడవారికి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. కాని పొద్దుపోయాక ఊరి బయటి నుంచి ఆటో కోసం ఎదురుచూడటం ఏ తల్లిదండ్రులకూ ఇష్టముండదు. పాత భవనానికి ఉన్న విలువ గోడల్లోనే కాదు, అది నిలిచిన స్థలంలో కూడా ఉంది.

ఇది కొత్త ఆలోచన కాదు. హైదరాబాదు కోఠిలో పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీలోకి 1949లో ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. 2022లో ఆ కళాశాలే మహిళా విశ్వవిద్యాలయమైంది. వేలాది ఆడపిల్లలు అక్కడ చదివారు. అయినా మరమ్మతులు పట్టించుకోక ఆ భవనం శిథిలస్థితికి చేరింది; ఆ తర్వాతే బాగుచేశారు. వాడుకలో పెట్టినంత మాత్రాన చాలదు, ఏటేటా మరమ్మతుకు డబ్బు కేటాయించాలన్నది అక్కడి పాఠం.

పాత కట్టడాలు మనవల్ల ఏమవుతాయని నిరాశపడనక్కరలేదు. మన జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

పాత భవనం ప్రమాదమన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. 2025 ఆగస్టు వరదలు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలను ఎంత దెబ్బతీశాయో చూశాం. కనుక ముందుగా ఇంజనీర్లు పునాదులు, పైకప్పు పరీక్షించాలి. పనికిరానిదాన్ని వదిలేయాలి. పనికివచ్చేదాన్ని సున్నంతోనే బాగుచేయాలి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ చెడుతుంది.

ఎల్లారెడ్డిని మరువరాదు. ఒకనాటి తాలూకా కేంద్రం, నేటి రెవెన్యూ డివిజన్ కేంద్రం అది. గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట తండాల వారికి కామారెడ్డి కంటే అక్కడికి పోవడమే సులువైతే, కేంద్రం శాఖ అక్కడ కూడా ఉండాలి.

బోర్డు తగిలించి తాళం వేసే కేంద్రం ఎవరికీ అక్కరలేదు. ఆదివారాలు, సాయంత్రాలు తెరిచి ఉండాలి. గ్రంథాలయం, కంప్యూటర్లు, మంచినీళ్లు, ఆడవారికి మరుగుదొడ్లు ఉండాలి. కలెక్టరు పాత ప్రభుత్వ భవనాల జాబితా తయారుచేయించి ప్రజల ముందు పెట్టాలి. రెండు విశ్వవిద్యాలయాల అధికారులను, శాసనసభ్యులను ఒకచోట కూర్చోబెట్టాలి. ఏ భవనాన్నైనా కూల్చే ముందే ఈ పని జరగాలి. కూలిన తర్వాత చర్చించి లాభం లేదు.