కోడ్ చెప్పింది కదా, మార్చేయ్!

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే అమెరికాలో మనవాళ్ళ వైద్యం ఒకటే. విడిభాగాల కొట్టుకెళ్ళి ఉచితంగా కోడ్ చదివించుకోవడం, అందులో ఏ పార్టు పేరు కనిపిస్తే ఆ పార్టు కొని మార్పించేయడం. మిగతా జబ్బుల మాటెలా ఉన్నా, ఇంజిన్ వేగం చెప్పే సిగ్నల్ వచ్చీరాకుండా ఉన్నప్పుడు ఈ పద్ధతి డబ్బులు తగలెయ్యడమే అని నా అభిప్రాయం. డబ్బులొక్కటే కాదు, ప్రమాదం కూడా.

ఆ సిగ్నల్ ఇచ్చేది క్రాంక్ సెన్సర్. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్ళ చక్రం పక్కన కూర్చుని, ఒక్కో పన్ను ఎదురుగా వెళ్ళినప్పుడల్లా కంప్యూటర్‌కి కబురు పంపుతుంది. చాలా కార్లలో ఆ చక్రానికి 60 పళ్ళకి చోటుంటుంది కానీ పళ్ళు 58 మాత్రమే. ఆ రెండు పళ్ళ ఖాళీయే గుర్తు, షాఫ్ట్ ఏ కోణంలో ఉందో దాన్ని బట్టే తెలిసేది. కబురు ఆగిపోతే చాలా ఇంజిన్లలో స్పార్కూ ఉండదు, పెట్రోలూ ఉండదు. ఫ్రీవే మీద డెబ్భై మైళ్ళ వేగంలో ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండు మూడుసార్లు తొక్కాక బ్రేకు రాయిలా అయిపోతుంది. అందుకే "ఇంకోసారి వస్తే చూద్దాంలే" అనుకునే జబ్బు కాదిది.

ఇక కోడ్ సంగతి. పి0335 అంటే క్రాంక్ సెన్సర్ "సర్క్యూట్"లో లోపం అని. సర్క్యూట్ అన్న మాటని అందరూ మింగేస్తారు. అందులో సెన్సర్‌తో పాటు వైర్లున్నాయి, కనెక్టర్ ఉంది, గ్రౌండ్ ఉంది. మనం పగలల్లా లాగులు చదివే జాతే కదా! నల్ పాయింటర్ అని అరిచిన లైన్ని తీసేస్తే బగ్ పోతుందా?

మా అపార్ట్‌మెంట్లలో ఎమ్మెస్ చదివే కుర్రాడి పాత కారు ఎండలో అరగంట నడిచాక ఆగిపోయేది. చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒక గరాజ్ వాళ్ళు క్రాంక్ సెన్సర్ మార్చారు. వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. కామ్ సెన్సర్ మార్చారు. మళ్ళీ ఆగింది. కంప్యూటర్ పోయిందన్నారు. పార్ట్‌టైమ్ జీతంతో ఫీజు కట్టుకునేవాడికి ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకోండి. గరాజ్‌లో చల్లని ఇంజిన్ మీద మీటర్ పెడితే మటుకు అన్నీ సరిగ్గానే ఉండేవి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

చివరికి ఇంకో మెకానిక్ ఏ పార్టూ ముట్టుకోలేదు. స్కానర్ తగిలించి కారు ఆగిపోయేదాకా తిప్పాడు. ఆగాక స్టార్టర్ ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంది, స్కానర్‌లో ఆర్పీఎం సున్నా. అంటే సిగ్నల్ నిజంగానే రావట్లేదు. అప్పుడు వైర్ల కట్టని చేత్తో అటూ ఇటూ కదిపాడు, అంకె వచ్చింది, పోయింది. పొగగొట్టానికి దగ్గరగా వెళ్ళే చోట వైరు పైతొడుగు కాలి పెళుసెక్కిపోయింది. ఆ ముక్క తీసి కొత్తది అతికి, దూరంగా కట్టాడు. అంతే.

సెన్సరే దోషి అయ్యే సందర్భాలు లేవనను, బోలెడున్నాయి. రెండు వైర్ల రకంలో లోపలి తీగచుట్ట వేడికి తెగి, చల్లారితే కలుస్తుంది. లక్షణాలు అచ్చం ఇవే. నా గొడవల్లా వరుస గురించి. ముందు ఆగిన క్షణంలో చూడాలి, తర్వాత మార్చాలి.

"సెన్సర్ నలభై డాలర్లు, పరీక్షకి నూట యాభయ్యా?" అని మిత్రులు నన్ను కోప్పడతారు. నలభై ఒక్కసారితో ఆగితే నిజమే. కొన్ని కార్లలో దాన్ని చేరుకోవడానికి స్టార్టర్ ఊడదీయాలి, ఆ కూలీ ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఈలోగా ఒక పని చేయొచ్చు. పక్క సీట్లో వాళ్ళని (మీరు కాదు!) ఆర్పీఎం ముల్లుని ఫోన్‌లో వీడియో తీయమనండి. చాలా కార్లలో ముల్లుకి అంకె అందేది ఈ సిగ్నల్ నుంచే. బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు ఎగిరెగిరిపడి సున్నాకి కూలిందా, మెల్లగా దిగిందా అన్నది రుజువు కాకపోయినా మంచి ఆధారం. గరాజ్‌కి వెళ్ళి అది చూపించండి. "ఆగినప్పుడు ఆర్పీఎం ఎంత చూపించింది?" అని ఆయనే ముందు అడిగితే తాళాలు ఇచ్చేయండి.