తోడేలు మనిషి – అభిమానులూ, సహృదయులూ

పాత కథను కొత్తగా చెప్పడం సాహిత్యంలో దోషం కాదు. నన్నయభట్టు వ్యాసభారతాన్ని తెనిగించినప్పుడు శ్లోకానికి పద్యం చొప్పున లెక్కపెట్టి చెప్పలేదు. కొన్ని ఘట్టాలను సంగ్రహించాడు, కొన్నిటిని విస్తరించాడు, కొన్నిటిని విడిచాడు. అయినా తెలుగుజాతి ఆయనను ఆదికవి అని కొలిచిందే గాని మూలాన్ని చెడగొట్టినవాడని నిందించలేదు. మరి చలనచిత్రాల విషయంలో పునర్నిర్మాణం అనే మాట వినబడగానే అభిమానుల కనుబొమలు ఎందుకు ముడిపడతాయి? ఆ కోపంలో న్యాయమెంత, అలవాటెంత? ఈ ప్రశ్నను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నా ఆలోచనను ఇటు మళ్లించినవారు మన విద్యార్థులే. తరగతిలో రసప్రకరణం చెబుతూ భయానకానికి ఒక ఉదాహరణ అడిగాను. ఒక విద్యార్థి లేచి తోడేలుగా మారే మనిషి కథతో వచ్చిన ఆంగ్లచిత్రాన్ని పేర్కొన్నాడు. అతడు కూర్చోకముందే మరొకడు లేచి, "పాతదా, కొత్తదా అడగండి సార్! కొత్తదైతే నేనొప్పుకోను" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. "కొత్తది ఎందుకు కాదు?" అని నేనడిగితే, "అందులో తోడేలు కంప్యూటర్ తోడేలు సార్" అన్నాడు. ఆ సమాధానం నన్ను వదలలేదు. రెండు చిత్రాలనూ చూశాను; వాటి గురించి అభిమానులు వెలిబుచ్చిన అభిప్రాయాలనూ చదివాను.

'ది వుల్ఫ్ మాన్' అనే మొదటి చిత్రాన్ని హాలీవుడ్‌లోని యూనివర్సల్ సంస్థ 1941 డిసెంబరులో విడుదల చేసింది. అప్పటికి పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి వారమైనా కాలేదు. దర్శకుడు జార్జ్ వాగ్నర్, రచయిత కర్ట్ సియోద్మాక్. నిడివి 70 నిమిషాలే. లారీ టాల్బట్ అనే యువకుడు పద్ధెనిమిదేళ్లు అమెరికాలో గడిపి, అన్న మరణించిన మీదట వేల్స్ సీమలోని తండ్రి భవనానికి తిరిగి వస్తాడు. ఊరి దుకాణంలో తోడేలు తల ఆకారంలో వెండి పిడి గల చేతికర్రను కొంటాడు. ఒక రాత్రి తోడేలు బారిన పడిన యువతిని రక్షించబోయి ఆ కర్రతోనే దానిని కొట్టి చంపుతాడు. కాని దాని కాటు తగులుతుంది. తీరా చూస్తే అక్కడ చచ్చి పడి ఉన్నది బేలా అనే జిప్సీ. ఆ పైన లారీయే రాత్రివేళ మృగమవుతాడు. ఒకనాడు అతడే ఆ కర్రను దగ్గర ఉంచుకొమ్మని పట్టుబట్టి తండ్రి చేతికిస్తాడు. దానితోనే తండ్రి ఆ మృగాన్ని కొట్టి చంపుతాడు. చచ్చిన మృగం ముఖం మెల్లమెల్లగా కన్నకొడుకు ముఖమవుతుంది. యువతిని కాపాడబోయి లారీ ప్రాణం విడిచాడని చుట్టూ చేరినవారు అనుకుంటారు. నిజం తెలిసిన తండ్రి నోరు విప్పలేడు.

లారీగా లాన్ చానీ జూనియర్, తండ్రిగా క్లాడ్ రేన్స్, జిప్సీ వృద్ధురాలు మలీవాగా మరియా ఉస్పెన్‌స్కాయా నటించారు. జాక్ పియర్స్ అనే రూపశిల్పి జడలబర్రె వెంట్రుకలను నటుని ముఖానికి కొద్దికొద్దిగా అతికించి, గంటల తరబడి శ్రమించి ఆ వేషాన్ని తీర్చాడు.

ఇదే సంస్థ 2010 ఫిబ్రవరిలో ఈ కథను మళ్లీ తెరకెక్కించింది. మొదట నియమితుడైన దర్శకుడు చిత్రీకరణకు కొద్ది వారాల ముందు తప్పుకోగా జో జాన్‌స్టన్ ఆ బాధ్యత స్వీకరించాడు. విడుదల పలుమార్లు వాయిదా పడింది. ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటున్నది. నాయకపాత్ర ధరించిన బెనీసియో డెల్ టోరో, వేషం తీర్చిన రిక్ బేకర్ ఇద్దరూ పాత చిత్రానికి అభిమానులే. బేకర్ తన వేషంలో పియర్స్ శిల్పానికి నమస్కారం పెట్టినట్లు కనబడుతుంది. ఆ పనికి 2011లో అతనికీ, డేవ్ ఎల్సీకీ ఆస్కార్ బహుమతి లభించింది. భక్తులే కట్టిన గుడి ఇది. అయినా ఇతర భక్తులు తృప్తి చెందలేదు.

వారి అభిప్రాయాలను మూడు తెగలుగా విభజించవచ్చు. పాత చిత్రాన్ని ముట్టుకోవడమే అపచారమన్నవారిది మొదటి తెగ. పొగమంచు, అడవి, శిథిలమైన భవనం, వేషరచన బాగున్నాయి గాని, మనిషి మృగంగా మారే దృశ్యాలను కంప్యూటర్‌కు అప్పగించడమూ, రక్తపాతం మితిమీరడమూ బాగాలేదన్నవారిది రెండవది. థియేటర్లలో ఆడిన ప్రతిలో కథ తొందరపడ్డదనీ, తరువాత వెలువడిన దీర్ఘప్రతి మెరుగనీ వాదించినవారిది మూడవది. ఈ మూడవ తెగ వారిది విమర్శకుని మార్గం. థియేటరు ప్రతిలో తొలగించి దీర్ఘప్రతిలో చేర్చిన దృశ్యాలలో, రైలుప్రయాణంలో ఒక వృద్ధుడు నాయకునికి వెండిపిడి కర్రను బహూకరించే ఘట్టం ఒకటి. ఆ కర్రను కోసివేస్తే కథలో ఏమి పోయిందో గుర్తించగలిగినవారు వీరు.

మొదటి తెగ వారికి ఒక మాట మనవి చేయాలి. తాము దేనిని కాపాడుతున్నారో వారికి పూర్తిగా తెలిసినట్లు లేదు. పౌర్ణమినాడే తోడేలు మనిషి మారాలన్నది ఈ కథకు ప్రాణమని పలువురు నమ్ముతారు. కాని 1941 చిత్రంలో పున్నమి నియమం లేదు. వత్సనాభి జాతి మొక్క పూచే శరత్కాలమూ, వెన్నెలా మాత్రమే ఉన్నాయి. 1943లో వచ్చిన తరువాతి చిత్రంలో దానిని పున్నమిగా స్థిరపరచి, పాత్రలు చెప్పే పద్యం చివరి పాదాన్ని కూడ అందుకు తగినట్లు మార్చారు. ఆ పద్యం తరతరాల జానపదమని నమ్మినవారూ ఉన్నారు. అది సియోద్మాక్ సొంతంగా కట్టినది. అనగా సనాతనమని మనం పూజించేదానిలో కొంత, నిన్న ఒక రచయిత గదిలో కూర్చుని వ్రాసినదే. ఇది తప్పని అనడం లేదు. సంప్రదాయం అట్లాగే ఏర్పడుతుంది. తెలియక పూజించడం వేరు, తెలిసి ప్రేమించడం వేరు.

ఇక రెండవ తెగ వారి ఫిర్యాదు. అది న్యాయమైనదే, కాని రోగాన్ని విడిచి లక్షణాన్ని పట్టుకున్నది. వెంట్రుకలను చేత్తో అతికించారా, యంత్రంతో గీశారా అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్న రసానికి సంబంధించినది. పాత చిత్రంలో అంగిరసం కరుణం. భయానకం దానికి అంగం మాత్రమే. లారీ ఎవరికీ కీడు తలపెట్టలేదు. ఇతరుల ప్రాణం కాపాడబోయి శాపం తెచ్చుకున్నాడు. తన స్థితి తనకు తెలుసు, ఇతరులు నమ్మరు. తండ్రి సర్ జాన్ దుర్మార్గుడు కాడు. దూరదర్శినితో నక్షత్రాలను చూసే విద్యావంతుడు. కొడుకు చెప్పేది భ్రమ అనుకుని, ఆ భ్రమ పోగొట్టాలని అతనిని కుర్చీకి కట్టివేస్తాడు. ప్రేమతో చేసిన పని అది. ఆ ప్రేమే చివరకు కర్ర ఎత్తుతుంది. శోకం స్థాయిభావమై నిలిచే ఘట్టం ఇంతకన్న ఏముంటుంది?

కొత్త చిత్రంలో ఆంథొనీ హాప్కిన్స్ ధరించిన తండ్రి స్వయంగా తోడేలు మనిషి. భార్యను చంపినవాడు అతడే, పెద్దకొడుకును చంపినవాడు అతడే, నాయకుణ్ణి కరిచినవాడూ అతడే. చివర తండ్రీకొడుకులు రెండు మృగాలై, మంటలంటుకొన్న భవనంలో కలియబడతారు. తరువాత ప్రేమించిన స్త్రీ వెండిగుండుతో నాయకుణ్ణి విముక్తుణ్ణి చేస్తుంది. ఈ మార్పువల్ల కథకు ఒక ప్రతినాయకుడు దొరికాడు గాని విషాదం జారిపోయింది. తప్పు చేసినవాడు దొరికిన చోట మనకు కోపం వస్తుంది. తప్పు ఎవరిదీ కాని చోట దుఃఖం వస్తుంది. కరుణం స్థానంలో వీరరౌద్రాలు ప్రవేశించాయి. భయానకం పలుచోట్ల బీభత్సంగా దిగజారింది. తెగిపడిన అవయవాలను చూసి కలిగేది జుగుప్స, భయం కాదు. అభిమానులకు కలిగిన అసంతృప్తి నిజమైనదే. దాని పేరు వారికి తెలియక కంప్యూటర్‌ను నిందించారు.

మరొక అంశం ఉన్నది. నేను చదివిన అభిప్రాయాలలో దాని ప్రస్తావన కనబడలేదు. సియోద్మాక్ జర్మనీలో పుట్టిన యూదుడు. హిట్లరు అధికారంలోకి వచ్చిన 1933లో దేశం విడిచి, ఇంగ్లండులో కొంతకాలం తలదాచుకుని, అమెరికా చేరాడు. అతని కథలో తోడేలు మనిషికి తన చేత చావబోయేవారి అరచేతిలో నక్షత్రపు గుర్తు కనిపిస్తుంది. జర్మనీలో యూదులు పసుపుపచ్చ నక్షత్రం ధరించి తీరాలని ఆజ్ఞ వెలువడినది 1941 సెప్టెంబరులోనే. ఇక్కడిది ఐదు కోణాల నక్షత్రం, అక్కడిది ఆరు కోణాలది. రెండింటినీ ముడిపెట్టి చదివిన విమర్శకులున్నారు. ఆ ముడి బిగించనవసరం లేదు. కాని నిన్నటిదాకా పొరుగువాడుగా ఉన్నవాడు ఒక్క రాత్రిలో మృగంగా చూడబడడం ఎట్లాంటిదో, గుర్తు వేసి మనిషిని వేటకు సిద్ధం చేయడం ఎట్లాంటిదో ఆ రచయితకు పుస్తకాలవల్ల తెలియలేదు. పాత చిత్రంలోని భయానికి లోతు అక్కడిది. జిప్సీలను కూడ ఆ చిత్రం దోషులుగా నిలబెట్టదు. బేలా శవం ముందూ, లారీ శవం ముందూ మలీవా చదివే ప్రార్థన ఒక్కటే.

కొత్త చిత్రం ఈ శాపానికి ఒక చిరునామా వెతికింది. తండ్రిని కరిచినవాడు హిందూకుష్ పర్వతాల గుహలో కనబడిన ఒక అడవి బాలుడట! ఆంగ్లేయుల ఇంటి పాపానికి మూలం తూర్పుదేశపు గుహలో దొరికిందన్నమాట. వెంట్రుకల పొడవును కొలిచిన అభిమానుల కంటికి ఈ మార్పు ఆనకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది. కీడు ఎప్పుడూ బయటినుంచే వస్తుందని చెప్పే కథకూ, కీడు మంచివాడికి కూడ పట్టవచ్చునని చెప్పే కథకూ చాలా దూరమున్నది. మొదటిది మన చేత పరుల మీదికి వేలు చూపిస్తుంది. రెండవది మన అరచేతిని మనచేత చూపిస్తుంది.

2025 జనవరిలో లీ వానెల్ దర్శకత్వాన మరొక 'వుల్ఫ్ మాన్' వచ్చింది. అంతకు ముందటి శరత్కాలంలోనే ఫ్లోరిడాలోని యూనివర్సల్ వినోదోద్యానంలో ఒక వేషధారిని చూసి, "ఇదేం తోడేలు?" అని అభిమానులు పరిహసించారు. చిత్రం చూడకముందే తీర్పు! ఈ చిత్రం శాపాన్ని రోగంగా మార్చింది. భార్య, కూతురు మాట్లాడుతుంటే ఆ మాటలు క్రమంగా అర్థం కాని ధ్వనులైపోవడం రోగి వైపునుంచి చూపించిన ఘట్టాలు ఇందులో ఉన్నాయి. మంచం పట్టిన పెద్దలు తమవారిని గుర్తించలేని స్థితిని ఇంట్లో చూసినవారికి అవి ఎంతటివో చెప్పనక్కరలేదు. చిత్రం ఆద్యంతం సమర్థమని నేననను. కాని అందులో వేషం పాతది కాకపోయినా, కరుణం కొంత తిరిగి వచ్చింది. వెంట్రుకలు తక్కువైనాయన్న ఫిర్యాదులో ఆ సంగతి వినబడకుండా పోయింది.

మనకు ఇటువంటి అనుభవం లేకపోలేదు. 1953 నాటి 'దేవదాసు' తెలుగువారి గుండెలో నిలిచిపోగా, 1974లో మరొక 'దేవదాసు' వస్తే ప్రేక్షకులు ఆదరించలేదు. దీనినిబట్టి తిరగ తీయడమే తప్పని తీర్మానించరాదు. మనం నెత్తిన పెట్టుకునే 1957 నాటి 'మాయాబజార్' కథ 1936లోనే తెలుగు తెరకెక్కినది. ఆ రోజున "పాతది ఉండగా కొత్తదెందుకు?" అని నిర్మాతలు వెనుదీసి ఉంటే మనకేమి మిగిలేది?

కాబట్టి అభిమానికీ సహృదయునికీ భేదం చెప్పి ముగిస్తాను. అభిమాని తాను చూసిన రూపాన్ని ప్రేమిస్తాడు. అది కించిత్తు మారితే తన వస్తువు ఎవరో దొంగిలించినట్లు బాధపడతాడు. సహృదయుడు ఆ రూపం తనలో మేల్కొలిపిన భావాన్ని ప్రేమిస్తాడు. అది కొత్త రూపంలో వచ్చినా పోలుస్తాడు, పాత రూపంలోనే వచ్చి ఖాళీగా ఉన్నా పోలుస్తాడు. అభిమానం చెడ్డది కాదు. అది మొదటి మెట్టు. అక్కడే కూర్చుండిపోవడం చెడ్డది.

విద్యార్థి మిత్రులు పరీక్షకోసం రససూత్రాన్ని వల్లిస్తారు. పరీక్ష కాగానే మరచిపోతారు. చూసిన చిత్రానికీ, చదివిన కథకూ దానిని అన్వయించి చూడండి. కొత్తదాన్ని నిందించే ముందు దాన్ని పూర్తిగా చూడండి; పాతదాన్ని పొగిడే ముందు దాన్ని మరొకసారి చూడండి. ఆనాడు తరగతిలో "కొత్తదైతే ఒప్పుకోను" అన్న విద్యార్థికి నా జవాబు ఇదే. నాయనా, నీవు ఒప్పుకోకపోవడం సబబే. కాని తోడేలు కంప్యూటర్‌ది అయినందుకు కాదు; కర్ర ఎత్తిన తండ్రి చేయి వణకనందుకు.