ఇల్లు సర్దే ముందు చెల్లి ఏ క్లాసో చూడండి

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన ఇళ్ళల్లో ఇప్పుడు నడుస్తున్న విషయమే.

మాది ముక్త్యాల దగ్గర తండా. మా అన్న ఐటీఐ ఫిట్టర్. హైదరాబాద్‌లో ఒక చోట పని ఉందని ఎవరో చెప్పారు. ఇంకా ఆర్డర్ చేతికి రాలేదు, జీతం ఎంతో సరిగ్గా తెలియదు. కానీ ఇంట్లో అప్పుడే "అందరం ఒకేసారి పోదాం, రెండు చోట్ల ఖర్చెందుకు" అంటున్నారు. యాడి అయితే గిన్నెలు కూడా లెక్కపెట్టేసింది.

నాకు భయం వేసింది. ఎందుకంటే ఇది మాకు రెండోసారి.

నేను నాలుగో క్లాసులో ఉన్నప్పుడు ఒక మేస్త్రీ మాట నమ్మి అందరం బిల్డింగ్ పనికి పోయాం. రెండు నెలల్లో పని ఆగిపోయింది. తిరిగొచ్చేసరికి నా చదువు ఒక ఏడాది పోయింది. ఆ తర్వాతే నన్ను హాస్టల్‌లో వేశారు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదట. ఆ ఏడాది అలాగే ఇంకోటి పోయుంటే ఎక్కేవాణ్ణి కాదు.

పని పోతే మళ్ళీ వెతుక్కోవచ్చు. కానీ రాష్ట్రం దాటితే పోయేది ఇంకొకటి ఉంది. అది మనలో చాలామందికి తెలియదు.

తెనాలికి చెందిన ఒక ఎస్టీ కుటుంబం సంగతి చూడండి. తండ్రికి 1977లో ఎస్టీ కోటాలోనే కేంద్ర ప్రభుత్వ ఎరువుల కంపెనీలో ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్ళారు. కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్ళు. అక్కడే ఇంటర్ దాకా చదివి, మెడిసిన్‌కి ఎస్టీ కోటాలో దరఖాస్తు పెట్టాడు. సీటు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1990 మేలో ఐదుగురు జడ్జీల బెంచ్ కూడా కాదనే చెప్పింది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయితే వలస వెళ్ళిన రాష్ట్రంలో కూడా ఎస్టీ అవ్వరు అని. మర్రి చంద్రశేఖరరావు కేసు అంటారు. 2018లో బీర్ సింగ్ కేసులో ఇంకో ఐదుగురి బెంచ్ రాష్ట్ర ఉద్యోగాల విషయంలోనూ ఇదే మాట చెప్పింది.

మన లంబాడీలనే తీసుకోండి. ఇక్కడ ఎస్టీ. కర్ణాటకలో ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. గోరు మాట ఒక్కటే, తండా ఒక్కటే, కాగితం మీద మాత్రం వేరు. 2014 జూన్ 2 నుంచి హైదరాబాద్ కూడా మనకి పొరుగు రాష్ట్రమే. జగ్గయ్యపేట నుంచి బస్సెక్కితే కాసేపటికే బోర్డర్ దాటేస్తాం కాబట్టి మనకి అది వేరే రాష్ట్రం అనిపించదు, అంతే.

రెండోది లోకల్ సంగతి. మా చెల్లి ఇప్పుడు ఆరో క్లాసు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్కలో పదో తరగతితో ముగిసే వరుస నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. ఈ జూన్‌లో తీసుకుపోతే ఏడు నుంచి పది దాకా హైదరాబాద్‌లోనే. అంటే ఆ లెక్కన ఇక్కడ నాన్ లోకల్. పోనీ అక్కడ? తెలంగాణ 2018 ఉత్తర్వుల్లో ఒకటి నుంచి ఏడు తరగతులు చూస్తారు. అవి ఆరు ఇక్కడే అయిపోయాయి. అక్కడా నాన్ లోకల్, పైగా అక్కడ ఎస్టీ కూడా కాదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. రూల్స్ మారుతుంటాయి, కొత్త నోటిఫికేషన్ చూసుకోవాల్సిందే. కానీ మన ఇళ్ళల్లో ఆ చూసుకోవడమే జరగదు.

అన్నకి మాత్రం ఏ నష్టమూ లేదు. ప్రైవేట్ పనికి లోకల్ అడగరు, చదువు ఇక్కడే అయిపోయింది. రైల్వే, బ్యాంకు లాంటి కేంద్ర ఉద్యోగాలకి మన ఎస్టీ సర్టిఫికెట్ ఎక్కడున్నా పనికొస్తుంది. నష్టమంతా చిన్నవాళ్ళకే. నిర్ణయం మాత్రం పెద్దవాళ్ళు జీతం చూసి చేస్తారు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇల్లు సర్దకముందే పని వెతకాలి. ముందు అన్న ఒక్కడే వెళ్ళాలి. ఆరు నెలలు జీతం, పీఎఫ్ సక్రమంగా పడ్డాయా చూడాలి. ఈలోపు విజయవాడ, ఇబ్రహీంపట్నం వైపు, మన జగ్గయ్యపేట సిమెంట్ ఫ్యాక్టరీల్లో కూడా అడుగుతూ ఉండాలి. రెండు మూడు వేలు తక్కువైనా రాష్ట్రం లోపల దొరికితే ఈ గొడవే లేదు. అప్పటికీ అమ్మానాన్న వెళ్ళాల్సి వస్తే, చెల్లికి ఇక్కడ గురుకులంలో సీటు దొరికాకే కదలాలి.

"పదకొండేళ్ళ పిల్లని ఒంటరిగా వదిలి ఎలా పోతావురా" అని యాడి అడిగింది. నా దగ్గర మంచి జవాబు లేదు. హాస్టల్‌లో మొదటి నెల రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చినవాణ్ణి నేను. అన్న ఒక్కడే అక్కడ వండుకు తింటూ గది అద్దె కట్టడం కూడా తేలిక కాదు. అయినా ఆరు నెలల కష్టాన్ని, చెల్లి ముందున్న ముప్పై ఏళ్ళని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఇదే సరి అనిపిస్తుంది.

చివరగా, ఎవరు వెళ్ళినా కుల ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు ముందే తీసుకుని పెట్టుకోండి. మీ ఇళ్ళల్లో కుటుంబంతో వలస వెళ్ళినవాళ్ళు ఉంటే, తర్వాత పిల్లల సంగతి ఏమైందో కింద రాయండి. ఆదివారం ఇంటికి వెళ్తున్నాను. అవి యాడికి, నాన్నకి చదివి వినిపిస్తాను.