కట్టబొమ్మన మనవాడైతే ఎట్టప్ప ఎవరివాడు?

తమిళనాట మన తెలుగు సంఘాల సభల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: వీరపాండ్య కట్టబొమ్మన తెలుగువాడు. వెంటనే చప్పట్లు. ఆ చప్పట్లు ఆగకముందే రెండో మాట వస్తుంది: ఈ నేల కోసం ఉరికంబమెక్కిన జాతి మాది, కాబట్టి మా పిల్లలకు బడిలో తెలుగు కావాలి. మొదటి మాట నిజమే. రెండో కోరిక న్యాయమే. ఆ రెంటికీ ముడివేసిన ‘కాబట్టి’తోనే నా తగాదా.

కట్టబొమ్మన కంబళత్తు నాయకుల ఇంటి బిడ్డ. ఆ కులంవారి ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. ‘గెట్టిబొమ్ము’ అనే తెలుగు పేరే తమిళుల నోట కట్టబొమ్మన్ అయిందని ఆ వంశం వారు చెప్పుకుంటారు. బాగుంది. అయితే పక్కనే ఉన్న ఎట్టయపురం పాళెగాడు ఎట్టప్ప నాయకుడి ఇంటి భాష ఏమిటి? అదీ తెలుగే. పాంచాలంకురిచ్చి మీదికి కంపెనీ సేన వచ్చినప్పుడు దాని పక్కన నిలబడినవాడు, ఆ తర్వాత పాంచాలంకురిచ్చి భూముల్లో వాటా పుచ్చుకున్నవాడు ఈ ఎట్టప్పే. తమిళంలో ఇవాళ ‘ఎట్టప్పన్’ అంటే ద్రోహి అని అర్థం. కులం, భాష చూసి వీరుణ్ణి పద్దులో జమ వేసుకునేవారు అదే పద్దులో ద్రోహిని కూడా రాసుకోవాలి కదా? ఒక పేజీ చించేసి లెక్క చూపిస్తే దాన్ని చరిత్ర అనరు.

తమిళ జాతివాదులు కూడా ఈ లెక్కలో మనకేమీ తీసిపోరు. కట్టబొమ్మన్ వీరుడైనప్పుడు తమిళుడు, ఎట్టప్పన్ ద్రోహి అయినప్పుడు తెలుగువాడు! పారిపోయి వచ్చిన కట్టబొమ్మనను పట్టి కంపెనీకి అప్పగించింది పుదుక్కోట్టై తొండమాన్. ఆయన తెలుగువాడు కాదు. కట్టబొమ్మన మంత్రిగా ఉండి, ఆయనకంటే ముందే ఉరికంబమెక్కిన సుబ్రమణియ పిళ్ళై తమిళుడు. జానపద కథలు ఆయన పక్కన నిలబెట్టే వెళ్ళైయత్తేవన్, సుందరలింగం తమిళులు. ఆ పోరాటంలో గీత భాష వెంబడి పడలేదు. కిస్తీ కట్టి బతుకుదామనేవారికీ, కట్టమనేవారికీ మధ్య పడింది. కర్ణాటక నవాబు అప్పుల్లో మునిగి, 1792 ఒప్పందంతో పాళెగాళ్ల దగ్గర కప్పం వసూలు చేసే హక్కును కంపెనీకి ధారపోశాడు. తగువంతా అక్కడ మొదలైంది.

ఇంతకూ మనం గుర్తుంచుకునే సంవత్సరమే తప్పు. 1799 అక్టోబరు 16న కయత్తారులో, ఇతర పాళెగాళ్లను రప్పించి వాళ్ల కళ్లముందే బానర్‌మన్ కట్టబొమ్మనను ఉరితీయించాడు. 1959లో బి.ఆర్. పంతులు తీసిన సినిమా ఆ ఉరితాడు దగ్గరే ముగుస్తుంది. మన జ్ఞాపకం కూడా అక్కడే ముగిసింది. అసలు కథ 1801ది.

ఆ ఏడు ఫిబ్రవరిలో కట్టబొమ్మన తమ్ముడు ఊమైదొర పాళయంకోట్టై చెరనుంచి తప్పించుకున్నాడు. నేలమట్టమైన పాంచాలంకురిచ్చి కోట కొద్ది రోజుల్లో మళ్లీ లేచింది. మార్చి ఆఖరులో మెకాలే దాడిని అది తిప్పికొట్టింది. మళ్లీ కూలడానికి మే 24 దాకా పట్టింది. అప్పుడు ఊమైదొర శివగంగకు వెళ్లి మరుదు సోదరుల దగ్గర తలదాచుకున్నాడు. మరుదు సోదరులు నాయకులు కారు, తెలుగువారూ కారు. ఒక అపరిచితుడి తెలుగు తమ్ముడి కోసం మన తల ఎందుకు పణం పెట్టాలని వారు లెక్క వేసుకోలేదు. జూన్ 16న చిన్న మరుదు ప్రకటన తిరుచిరాపల్లి కోటలోనూ, శ్రీరంగం గుడి గోడమీదా వెలిసింది. అది జంబూద్వీప వాసులందరినీ, నాలుగు వర్ణాలవారినీ, ముసల్మానులనూ ఉద్దేశించింది. తమిళులారా అనలేదు, తెలుగువారలారా అనలేదు. దిండిగల్లు సీమలో విరూపాక్షి గోపాల నాయకుడు అదే పోరులో ప్రాణం ఇచ్చాడు. ఆయన తెలుగువాడే. ఆయన పేరు మన సభల్లో ఎన్నిసార్లు విన్నాం?

అదే సంవత్సరం జూలై 31న, తిరుగుబాటు ఇంకా చల్లారకముందే, కంపెనీ అజీముద్దౌలాను నామమాత్రపు నవాబుగా నిలబెట్టి కర్ణాటక పాలన మొత్తం రాయించుకుంది. అంతకు ముందటేడు నిజాం దత్తమండలాలను ఇచ్చేశాడు. అక్కడ మన్రో పాళెగాళ్ల నడుం విరిచే పనిలో ఉన్నాడు. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో, నవంబరు 16న ఊమైదొరను పాంచాలంకురిచ్చిలో ఉరితీశారు. డిసెంబరులో ప్రజల చేతుల్లో ఆయుధాలుండరాదని ప్రకటన వచ్చింది. మరుసటి ఏడు 73 మందిని ఓడ ఎక్కించి పినాంగు దీవికి పంపేశారు. ఒకే ఏడాదిలో దక్షిణాది రూపు మారిపోయింది. దీన్నంతా వదిలేసి ఒక్క మనిషి కులధ్రువపత్రం పట్టుకుని కూర్చున్నాం.

ఇందులో మనల్ని సిగ్గుపడేట్టు చేసే సంగతి ఒకటుంది. ఊమై అంటే తమిళంలో మూగ. ఆ 1801 యుద్ధానికి నాయకుడైనవాడు మాట్లాడలేడు. సైగలతోనే సేనను నడిపాడని, ఆయనమీద యుద్ధం చేసిన తెల్ల అధికారి జేమ్స్ వెల్షే మెచ్చుకుంటూ రాసుకున్నాడు. వేలమంది ఆ సైగను అర్థం చేసుకుని కదిలారు. ఏ భాషవాడని ఆయన్ను ఏ పద్దులో రాస్తారు?

“మమ్మల్ని ‘వందేరి’ అంటూంటే నోరు మూసుకోవాలా?” అని అడిగే మిత్రులున్నారు. మూసుకోవద్దు. కాని ఆ జవాబు ఎదుటివాడి చేతికి కర్ర ఇచ్చేదిగా ఉండకూడదు. హక్కు రక్తం చిందించి సంపాదించేదయితే, చిందించిన దాఖలా లేనివాడికి హక్కు లేనట్టే కదా? కోయంబత్తూరులో, మదురైలో వీధులు శుభ్రం చేసే అరుంధతియర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. వారికి పాళెగాడి వంశవృక్షం లేదు. వారి పిల్లకు తెలుగు వాచకం అక్కర్లేదా? కట్టబొమ్మన పేరుతో హక్కు అడిగే వేదిక ఆ పిల్లను ముందే గడప బయట నిలబెడుతోంది.

బడిలో తెలుగుకు ఆధారం కయత్తారులో లేదు, రాజ్యాంగంలో ఉంది. 1956 సవరణతో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించే ప్రయత్నం చేయమని ప్రతి రాష్ట్రానికీ చెబుతుంది. మీ తాత ఏ యుద్ధంలో చచ్చాడని అది అడగదు. 2006లో తమిళనాడు తెచ్చిన నిర్బంధ తమిళ చట్టాన్ని ఎదుర్కోవలసింది ఈ అధికరణంతో, పిల్లల సంఖ్యతో, ఖాళీగా ఉన్న టీచరు పోస్టుల జాబితాతో. తమిళం మా పిల్లలూ నేర్చుకుంటారు, తెలుగు తీసేయకండి అని అడగడానికి ఉరితాడు చూపనక్కరలేదు.

కట్టబొమ్మనను మరచిపొమ్మని ఎవరూ అనడం లేదు. అక్టోబరు 16తో ఆగవద్దంటున్నాను. నవంబరు 16న ఊమైదొర పేరు మీద సభ పెట్టండి. ఆ వేదిక మీద మరుదు సోదరుల గురించి మాట్లాడటానికి తమిళ మిత్రులను పిలవండి. ఎట్టప్ప సంగతి మనమే చెబుదాం. మర్నాడు పొద్దున విద్యాశాఖ కార్యాలయానికి వెళ్లి తెలుగు టీచరు కావాలని అర్జీ ఇవ్వండి. ఆ అర్జీలో కట్టబొమ్మన పేరు మాత్రం రాయకండి.