సగటుకు అందని వసంతం

2024 ఫిబ్రవరి 26న టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హాండిల్‌లో గడ్డికి నిప్పంటుకుంది. ఒక కరెంటు స్తంభం విరిగి పడడమే దానికి మూలం. ఈదురుగాలి తోడై ఆ మంట 10.5 లక్షల ఎకరాలకు పైగా బూడిద చేసింది. టెక్సస్ చరిత్రలో అంత పెద్ద కార్చిచ్చు లేదు. ఇద్దరు చనిపోయారు, పశువులు వేల సంఖ్యలో మాడిపోయాయి. మూడు రోజుల తర్వాత, 29న, అదే ప్రాంతంలో మంచు కురిసింది.

నిజానికి అది ఎల్ నినో చలికాలం. అమెరికా దక్షిణ మైదానాలకు మామూలుగా తడినిచ్చే కాలం. అంతకు ముందు 2023 వేసవి మొదట్లోనూ అక్కడ వానలు దండిగా పడ్డాయి. గడ్డి మోకాలెత్తు పెరిగి, చలికి ఎండి, నిలువునా నిలబడింది. మంట అంత దూరం పాకడానికి ఆ వానే మేత పెట్టింది. ‘సాధారణం కంటే తడిగా ఉండే అవకాశం’ అన్న వాక్యం చదివి ఈ ప్రమాదాన్ని ఎవరు ఊహించగలరు?

హై ప్లెయిన్స్ అని పిలిచే ఈ ఎత్తు మైదానాల వసంతం గురించి వచ్చే సీజన్ అంచనాలు అబద్ధాలు కావు. కానీ అక్కడి గోధుమ రైతుకు, పశువులు పెంచేవాడికి, లారీ డ్రైవరుకు కావలసిన జవాబు వాటిలో ఉండదు. అది కొన్ని గంటల ముందు వచ్చే సూచనలో ఉంటుంది. విచిత్రమేమిటంటే, 2025లో కోత పడింది దాని వనరులకే.

నేల వాలు చూస్తే సంగతి అర్థమవుతుంది. పడమట కొలరాడోలోని డెన్వర్ 1,600 మీటర్ల ఎత్తున ఉంటే, తూర్పున కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ దాదాపు 760 మీటర్ల ఎత్తున ఉంది. కంటికి బల్లపరుపుగా కనిపించే నేల అంత దిగువకు జారుతుంది. కాన్సస్‌లో అన్నిటికన్నా ఎత్తయిన చోటు మౌంట్ సన్‌ఫ్లవర్. పేరుకే పర్వతం, అక్కడికి వెళ్లినవాడికి కనిపించేది పచ్చికబయలు. ఇక ఉత్తరాన కెనడాకూ దక్షిణాన మెక్సికో గల్ఫ్ సముద్రానికీ మధ్య అడ్డంగా ఒక్క పర్వతశ్రేణి లేదు. ధ్రువపు చలిగాలి, సముద్రపు తేమ, నైరుతి ఎడారుల పొడిగాలి మూడూ ఎవరి అనుమతీ లేకుండా ఈ వాలు మీదే కలుసుకుంటాయి.

రాకీ పర్వతాలు దాటి కిందికి దిగే గాలివల్ల ఆగ్నేయ కొలరాడోలో అల్పపీడనం ఏర్పడుతుంది. దాన్ని ‘కొలరాడో లో’ అంటారు. దాని ఉత్తర భాగంలో తూర్పు నుంచి వీచే గాలి వాలెక్కుతూ చల్లబడి డెన్వర్, షయాన్ నగరాల మీద మంచు కుమ్మరిస్తుంది. డెన్వర్‌లో 2003 మార్చిలో ఒక్క తుఫానుకే దాదాపు 80 సెంటీమీటర్ల మంచు పేరుకుంది. అల్పపీడనానికి దక్షిణాన పొడి పడమటిగాలి దుమ్మునూ మంటలనూ లేపుతుంది. తూర్పున గల్ఫ్ తేమ ఉరుములు, వడగళ్లు, టోర్నడోలుగా మారుతుంది. 2007 మే 4న కాన్సస్‌లోని గ్రీన్స్‌బర్గ్ ఊరిని దాదాపు మొత్తంగా తుడిచిపెట్టిన టోర్నడో ఈ తూర్పు వైపు గాలులదే. పొడి, తడి గాలుల సరిహద్దును డ్రైలైన్ అంటారు. అది యాభై కిలోమీటర్లు అటో ఇటో జరిగితే ఒక జిల్లాకు వడగళ్ల వాన, పక్క జిల్లాకు దుమ్ము.

ఇప్పుడు సీజన్ అంచనా చూద్దాం. అమెరికా క్లైమేట్ ప్రెడిక్షన్ సెంటర్ ప్రతి నెలా రాబోయే మూడు నెలలకు పటం ఇస్తుంది. తడి, సాధారణం, పొడి అని మూడు గడులు. ఏ సంకేతమూ లేకపోతే ఒక్కో గడికి 33 శాతం. పటంలో ‘తడి 40 శాతం’ అని రంగు వేశారంటే, తడిగా ఉండకపోవడానికి ఇంకా 60 శాతం అవకాశం ఉన్నట్టు. పత్రికల శీర్షికల్లోకి వచ్చేసరికి అది ‘ఈసారి తడి వసంతం’ అయి కూర్చుంటుంది. మన భారత వాతావరణ శాఖ కూడా 2021 నుంచి రుతుపవనాలకు ఇలాంటి పటాలే ఇస్తోంది, మనమూ అదే తప్పు చేస్తున్నాం. ఉగాదినాడు పంచాంగంలో వాన లెక్క విన్నట్టే ఆ పటాన్నీ చదివేస్తున్నాం.

సగటు ఎక్కడ చేతులెత్తేస్తుందో గోధుమ చేలో తెలుస్తుంది. అక్కడ గోధుమ సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తి జూన్‌లో కోస్తారు. వసంతంలో కణుపులు తొడిగే దశలో, ఎదిగే మొన నేలమట్టం దాటి కాండం లోపలికి లేస్తుంది. ఆ దశలో మైనస్ 4 డిగ్రీల చలి రెండు గంటలు నిలిస్తే దెబ్బే. వెన్ను బయటికొచ్చాక మైనస్ 1 చాలు. చలి కొట్టిన రాత్రి తర్వాత రైతు కొన్నాళ్లు ఆగి, నాలుగు మొక్కలు పీకి, కాండాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తాడు. మొన తెల్లగా, గట్టిగా ఉంటే పంట బతికింది. గోధుమరంగుకు తిరిగి మెత్తబడితే ఆ పిలక పోయినట్టే. ‘వెచ్చని వసంతం’ అన్న అంచనా ఇక్కడ ఊరట కాదు. మార్చి వెచ్చగా ఉంటే పైరు తొందరపడి ముందే లేస్తుంది, ఏప్రిల్‌లో ఒక్క చలిరాత్రికి మరింత నష్టపోతుంది. మూడు నెలల సగటులో ఆ రెండు గంటలు కనిపించవు. వానదీ అదే కథ: 2023లో కాన్సస్ మొత్తం గోధుమ ఉత్పత్తి 1960ల తర్వాత కనిష్ఠానికి పడిపోయింది. వసంతం చివర్లో వానలొచ్చాయి, కానీ అప్పటికే చాలామంది రైతులు చేలను వదిలేశారు.

సీజన్ పటం వృథా అనడం లేదు. పంట బీమాకు, మందను ఎంత తగ్గించుకోవాలో లెక్క వేయడానికి, ఈ నేల కింది ఒగల్లాలా భూగర్భ జలాన్ని ఎంత తోడాలో నిర్ణయించడానికి అది పనికొస్తుంది. ప్రాణాలు కాపాడేది మాత్రం వేరు, గంటల ముందు వచ్చే సూచన. 2025 మార్చి 14న పశ్చిమ కాన్సస్‌లో ఐ-70 రహదారిని దుమ్ము కమ్మేసి 71 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, 8 మంది చనిపోయారు. డెన్వర్ నుంచి కాన్సస్ సిటీకి ఆ దారినే కారు నడిపే మన తెలుగువాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దుమ్ము ముంచుకొస్తే రోడ్డు దిగి వీలైనంత దూరంగా ఆపాలి, లైట్లన్నీ ఆర్పాలి, బ్రేకు మీద కాలు తీసేయాలి. లైటు వెలుగుతుంటే వెనకవాడు అదే దారి అనుకుని నేరుగా వచ్చి గుద్దుతాడు.

అదే నెలలో అమెరికా వాతావరణ సర్వీసు సిబ్బంది లేరంటూ నెబ్రాస్కాలోని ఒమాహాలో, దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో పైగాలి పొరలను కొలిచే బెలూన్లు ఎగరేయడం ఆపింది. నెబ్రాస్కాలోనే ఉన్న నార్త్ ప్లాట్‌తో పాటు మరికొన్ని చోట్ల రోజుకు రెండు బదులు ఒకటి చేసింది. ఆ ప్రమాదానికీ దీనికీ ముడిపెట్టడం లేదు. అయితే పైన కొన్ని వందల, వేల మీటర్ల ఎత్తున వేడి పొడిగాలి పొర ఒకటి మూతలా కూర్చుంటుంది. అది నిలిస్తే రోజంతా నిర్మలం, తెగితే గంటలో టోర్నడో. ఆ పొర మందం, బలం నేరుగా కొలిచేది బెలూనే. ఉపగ్రహాలున్నాయి కదా అనేవారున్నారు. నేలకు దగ్గరి పొరలను అవి అంత స్పష్టంగా చూడలేవు. విమానాలు ఆ కింది పొరలను కొలిచేది విమానాశ్రయాల చుట్టూ మాత్రమే, నార్త్ ప్లాట్ లాంటి చోట రాకపోకలే తక్కువ.

డబ్బు చాలకపోతే మూడు నెలల పటానికి మెరుగులు దిద్దే పని ఆపొచ్చు. ఎత్తు మైదానాల్లో మార్చి నుంచి జూన్ దాకా రోజుకు రెండు బెలూన్లు, రాత్రంతా మెలకువగా ఉండే సిబ్బంది, ఈ రెండింటి జోలికి మాత్రం ఏ బడ్జెట్టూ వెళ్లకూడదు.