నీళ్లియ్యరాదను శాసనము

మంగంపేట ముగ్గురాయికి ప్రసిద్ధి. ఓబులవారిపల్లె మండలమందలి ఈ నిక్షేపము వంటిది ప్రపంచమున మిక్కిలి యరుదు. ఆ రాయి బేరియము సల్ఫేటు, నీట కరుగదు. అట్టి బేరియమును శుద్ధిచేసి, రోగిచే మ్రింగించి, వైద్యులు ప్రేవుల ఛాయాచిత్రములు తీయుదురు. అది యొంటికి పట్టక మలముతో వెడలిపోవును. కరగని లవణమును గూర్చి మనకింత తెలియును. ఆ గనుల యెండలో చెమటతో కారిపోవు లవణమును గూర్చి మాత్రము మన యిండ్లలో నెవరికిని చింత లేదు.

పెద్దవాని దేహమున నూటికి 60 పాళ్లు నీరే. అందు మూడింట రెండుపాళ్లు జీవకణములలోపలను, తక్కినది వెలుపలను నుండును. లోపలి నీటికి పొటాషియము, వెలుపలి నీటికి సోడియము కావలి. మూత్రపిండములు దినమునకు 180 లీటర్ల ద్రవమును వడబోసి, ఇంచుమించు లీటరున్నర మాత్రమే వెలికి విడుచును. ఇంత లోభముతో దేహము కూడబెట్టిన ధనమును అతిసారము ఒక్క రాత్రిలో కొల్లగొట్టగలదు.

అప్పుడు మనము చేయు పని యేమి? బిడ్డకు విరేచనములు పట్టిన తోడనే "నీళ్లియ్యకుడు, ఇంకను ఎక్కువగును" అని పెద్దలు శాసింతురు. చెంబు దాచివేయుదురు. నాలుక పిడచగట్టి, కన్నులు గుంటలుపడి, ఏడ్చినను కన్నీరు రాని బిడ్డను జూచియు "కడుపునకు విశ్రాంతి" యందురు! పోవునది నీరైనప్పుడు నీరు మాన్పుట యెక్కడి వైద్యము?

ఒట్టి నీరిచ్చినను నిలువలేదని కొందరు వాదింతురు. నిజమే. సోడియమును గ్లూకోజును జతగూడి ప్రేవుగోడను దాటును, వాని వెంట నీరు పోవును. ఈ మర్మమును 1960లో రాబర్టు క్రేను వెల్లడించెను. 1971లో బంగ్లాదేశపు కాందిశీకుల శిబిరమున కలరా చెలరేగగా, డాక్టరు దిలీప్ మహలనబీసు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తల్లులచేతనే త్రాగించెను. నూటికి 30 వరకు నున్న మరణములు నాలుగింటికి లోపడెను.

చదువుకొన్న యిండ్లవారు తాము ఈ మౌఢ్యమునకు దూరమని మురియనక్కరలేదు. వారు అంగడికిబోయి, డబ్బామీద ఓ.ఆర్.ఎస్. అను మూడక్షరములు జూచి తీపిపానకము కొని తెచ్చిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ విధించిన ద్రావణమున లీటరునకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ పానకములలో చక్కెర దీనికి ఎన్నోరెట్లు. అంత చక్కెర ప్రేవులలోనికి నీటిని లాగి విరేచనమును పెంచును. హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్లతరబడి పోరాడగా, 2025 అక్టోబరులో గాని ఆహారభద్రతా సంస్థ ఆ పేరును అట్టి పానీయములపై నిషేధింపలేదు. ఆరోగ్యకేంద్రమున ఊరక దొరకు పొట్లమును మాత్రము మనవారు చులకన చేయుదురు. వెల లేనిది మందెట్లగునని కాబోలు! పొట్లము దొరకనప్పుడు లీటరు మంచినీటిలో తలకొట్టిన చిన్నచెంచాతో ఆరు చెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపిన చాలును. ఉప్పు మించరాదు. ఉప్పువేసిన గంజియు మేలే. మన సీమలో గంజికి కరవు లేదు.

ఇక కూలిజనులు. మండుటెండలో కష్టించువాడు గంటకు లీటరు చెమట కార్చుట కద్దు. 2015 మే మాసపు వడగాడ్పులకు రెండు తెలుగురాష్ట్రములలో 2,000కు పైగా ప్రాణములు పోయెను. వారిలో కూలీలును వృద్ధులును పెక్కురు. గంటలకొలది చెమటోడ్చినవాడు ఒట్టినీరే కడవలకొలది త్రాగిన రక్తమున సోడియము పలుచనై తలనొప్పియు, మతిభ్రమయు కలుగవచ్చును. చలివేంద్రము పెట్టి పుణ్యము గడించువారు కుండ ప్రక్కన ఉప్పువేసిన మజ్జిగయో, రాగి అంబలియో యేల యుంచరాదు? స్త్రీల సంగతి మరియు ఘోరము. మరుగుదొడ్డి లేని పనిచోట వారు సాయంకాలమువరకు నీరు ముట్టకయే యుందురు. వారికి మజ్జిగ గుణములు బోధింప బయలుదేరు మహాశయులు ముందా దొడ్డి కట్టింపవలెను.