‘వచ్చును’ కాదు, ‘వలెను’

ఇటీవల ఒక గోష్ఠిలో భవనాల విద్యుత్ పొదుపు నియమావళి ప్రస్తావన నేను తెస్తే, ఒక మిత్రుడు నవ్వి, “అది ఇంజనీర్ల వ్యవహారం, తెలుగు చెప్పుకునే వాళ్ళకెందుకు?” అన్నారు. ఆ మాట నేనొప్పుకోను. మనిషి ఏ కప్పు కింద ఉడికిపోతున్నాడో పట్టించుకోని సాహిత్యం ఎవరి పక్షాన ఉన్నట్టు? పైగా చట్టమూ వాక్యాలతో కట్టిందే. వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఏది అని అడగడం మా వృత్తి.

ఆ వృత్తి ధర్మంగానే చూద్దాం. కేంద్రం 2001లో ఇంధన పొదుపు చట్టం చేసింది. దాని కింద 2007లో వాణిజ్య భవనాలకు నియమావళి వెలువడింది. గోడా, కప్పూ, కిటికీ అద్దమూ ఎంత వేడిని లోపలికి రానివ్వవచ్చో, దీపాలూ చల్లదనపు యంత్రాలూ ఎంత విద్యుత్తు వాడవచ్చో అందులో లెక్కలున్నాయి. మంచిదే. కాని స్థానిక వాతావరణానికి తగినట్టు రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ‘సవరించవచ్చును’ అన్నది చట్టం. ‘వలెను’ కాదు, ‘వచ్చును’. ఈ ఒక్క మాట ఖరీదు మనకు ఏడేళ్ళు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ నియమావళిని తప్పనిసరి చేసింది 2014 జనవరిలో. ఆలోగా మాదాపూరు, గచ్చిబౌలిలో లేచిన అద్దాల మేడల్ని ఇప్పుడెవరు మారుస్తారు?

ఇక అమలు. కట్టడాల నియంత్రణను పురపాలక సంఘాల పనుల పట్టికలో చేర్చింది 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ. అక్కడా రాష్ట్ర శాసనసభ అధికారాలను ‘అప్పగించవచ్చును’ అన్నదే! అధికారం పైన, ఫైలు కింద. పురపాలక సిబ్బంది చాలరు గనుక బయటి పరీక్షకులచేత ధ్రువపత్రం తెచ్చుకొమ్మన్నారు. వారికి రుసుము ఇచ్చేది కట్టుకునే యజమానే. పరీక్ష దిద్దేవాడికి జీతం పరీక్ష రాసేవాడే ఇస్తే మా కళాశాలలో తప్పేవాడు ఒక్కడుండడు.

“నియమాలు పెంచితే ఖర్చు పెరిగి పేదవాడు ఇల్లు కట్టుకోలేడు” అని వాదించేవారున్నారు. పేదవాడి పేరు చెప్పి పెద్దవాడి లాభాన్ని కాపాడే పాత ఎత్తు ఇది. ఈ నియమావళి పేదవాణ్ణి తాకనే లేదు. 2022 సవరణ నివాస భవనాలనూ చట్టంలోకి తెచ్చింది, నిజమే. కాని 100 కిలోవాట్ల విద్యుత్ భారం ఉన్న కట్టడాలే దాని పరిధిలోకి వస్తాయి. అంతకన్న తక్కువకు దించే అధికారం మళ్ళీ రాష్ట్రాల ‘వచ్చును’లో ఉంది. 2023లో తెలంగాణ ప్రకటించిన చల్లని కప్పుల విధానం ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్ళకు తప్పనిసరి, అందుకు మెచ్చుకోవాలి. తక్కిన నివాసాల్లో మాత్రం 600 చదరపు గజాలు, ఆపై స్థలాలకే నిర్బంధం. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం.

యజమాని ఇష్టమంటే ఏమిటో నాకు తెలుసు. నేను అద్దెకుండేది పై అంతస్తులో. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు కప్పు రాత్రి పన్నెండింటికి కూడా సెగలు కక్కుతుంది. కప్పుకు తెల్ల పూత వేయించమంటే యజమాని, “ఏ.సి. పెట్టుకోండి మాస్టారూ” అన్నాడు. పూత ఖర్చు ఆయనది, కరెంటు బిల్లు నాది. కట్టేవాడు వేరు, చెల్లించేవాడు వేరు. అసలు చిక్కంతా ఇక్కడుంది. నేను నెలజీతగాణ్ణి, ఎలాగో నెట్టుకొస్తాను. రేకుల గదిలో బిడ్డను ఒళ్ళో వేసుకుని విసనకర్ర విసిరే కూలితల్లి ఏం పెట్టుకుంటుంది? 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకు పోయారు. ఆ చావులన్నీ ఇళ్ళవల్లనే అని నేననను. ఎండలో ఒళ్ళు కాల్చుకున్నవాడికి రాత్రి తల దాచుకునే చోటైనా చల్లగా ఉండాలంటాను.

కనుక మనం అడగవలసింది మూడు మాటలు. పరీక్షకుడికి జీతం పురపాలక సంఘం ఇవ్వవలెను. కట్టడం పూర్తయ్యాక కళ్ళతో చూసిన తరువాతే నివాస ధ్రువపత్రం ఇవ్వవలెను. అద్దెకిచ్చే ప్రతి ఇంటి కప్పుకూ, అది ఎంత చిన్నదైనా, చల్లని పూత తప్పనిసరి కావలెను. చేతకాని చిన్న యజమానికి ప్రభుత్వం సాయపడవలెను.

గ్రాంథికాన్ని వదిలించుకున్నవాళ్ళం. అయినా ఈ ఒక్క ‘వలెను’ కోసం పోరాడక తప్పదు.